అంచున వేసిన తారీకులు

అట్ట ఆరిందో లేదో చూద్దామని పుస్తకం తెరిచిన సూదక్కకు పేజీ అంచున సగం అంకె కనబడింది. ఒకటో ఏడో తెలియదు. దాని పక్కన ఉండాల్సినవేవీ లేవు. ఇంకో పేజీ తిప్పింది. అక్కడొక చిన్న గీత మిగిలింది. మూడో పేజీలో అదీ లేదు. పక్కనున్న కాగితాల కట్ట మీద కూలబడింది.

"దేవుడా, అమ్మ తారీకులన్నీ కోసేశాను," అంది పైకే.

సూదక్క అన్న పేరు ఆమెకు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రింటింగ్ ప్రెస్సులో ఫారాలు, అంటే మడతపెట్టిన పేజీల కట్టలు, పుస్తకంగా కుట్టేది ఆమే. ఆమె కుట్టిన పుస్తకం ఊడిపోయిందని ఎవరూ ఎప్పుడూ తిరిగి తేలేదు. అంతటి పనిమంతురాలు, కన్నతల్లిలాంటి తల్లి బైబిలు దగ్గరికి వచ్చేసరికి నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా చెయ్యని పని చేసింది. వాళ్ళెలా చేస్తారు, కోత మిషను దరిదాపులకు వెళ్ళడానికే వాళ్ళకు దడ! అలవాటు పడ్డ చేతులే ఇలాంటి ఘనకార్యాలు చేస్తాయి. ఆ ప్రెస్సులో పద్ధతి ఒకటే: ముందు కుట్టు, తర్వాత వీపుకు జిగురు, ఆ తర్వాత కోత మిషను మీద పెట్టి మూడు పక్కలా అంచులు కొట్టడం, చివరికి అట్ట. అంచు కొట్టని పుస్తకం గడప దాటకూడదని మేస్త్రి పట్టుదల. పొద్దున బడి నోటుపుస్తకాల వరసలో ఈ పుస్తకమూ మిషనెక్కింది. కత్తి దిగింది. పైగా మేస్త్రి వచ్చి, అంచు మీద బొటనవేలు పెట్టి రాసి, "ఆ పాత ఎర్రరంగు పోతే పోయింది గానీ, ఎంత నున్నగా వచ్చిందో చూశావా సూదక్కా," అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆమె కూడా "అవునండీ" అంది. ఆ "అవునండీ" ఇప్పుడు గొంతులో ముల్లులా ఉంది.

ఆ తారీకుల సంగతి చెప్పాలి. వాళ్ళమ్మకు డైరీ రాసే అలవాటు లేదు. దేవుడు ఏదైనా మేలు చేశాడని తోచిన రోజున, అప్పుడు చదువుతున్న వాక్యం పక్కన, పేజీ అంచున ఆ రోజు తారీకు వేస్తుంది. అంతే. ఏం మేలో రాయదు. "ఆయనకు తెలుసు, నాకు తెలుసు, మధ్యలో కాగితానికెందుకు?" అనేది. ఆ పుస్తకంలో పక్కన ఖాళీ వేలెడు కూడా ఉండదు కాబట్టి, అంకెలు అంచు మీదికి ఒరిగి ఉండేవి. అలా యాభై ఏళ్ళ తారీకులు. సాయంత్రం ప్రార్థనకు ముందు పుస్తకం తెరిచి ఒక తారీకు మీద వేలు పెట్టేది. వేలు పెడితే చాలు, ఆ రోజంతా కళ్ళ ముందుకు వచ్చేది.

ఏడాదిన్నరగా అమ్మకు మతిమరుపు. మొదట తాళంచెవులు, తర్వాత వీధి, ఆ తర్వాత మనుషులు. అయినా వింత, తారీకు మీద వేలు పెడితే మాత్రం ఆ రోజు గుర్తొచ్చేది. డాక్టరు కూడా ఆశ్చర్యపోయి, "ఆ పుస్తకాన్ని ఆవిడ దగ్గర్నుంచి తియ్యకండి," అన్నాడు. కానీ పుస్తకం వీపు విరిగింది. ఫారాలు జారి మంచం కింద పడుతున్నాయి. రెండు రోజుల్లో బాగుచేసి తెస్తానని సూదక్క పట్టుకొచ్చింది. ఆ రెండు రోజులూ సాయంత్రమయ్యేసరికి అమ్మ ఇల్లంతా వెతుకుతోంది. దిండు కింద, బియ్యం డబ్బాలో, చెప్పుల గూటిలో కూడా. ఇవ్వాళ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటికి చేర్చాలి.

పొద్దున చెయ్యి ఎందుకు అదుపు తప్పిందో కూడా ఆమెకు తెలుసు. బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చి, కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా చూసి అడిగింది.

"మీరు ఎవరి తాలూకు అమ్మా?"

అన్నయ్య ఫోను చేస్తే గొంతు వినగానే "ఏరా నాన్నా" అంటుంది. రోజూ స్నానం చేయించి, జుట్టు దువ్వే కూతుర్ని మాత్రం ఎవరి తాలూకు అని అడిగింది. మతిమరుపు మనిషి మాటకు అర్థాలు తియ్యకూడదని సూదక్కకు తెలుసు. తెలిసీ దారి పొడుగునా తీసింది. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలియదు.

పదేళ్ళప్పుడు ఆటలో గొడవొచ్చి, చిన్నాన్న కూతురు నలుగురిలో అనేసింది: "నువ్వేం మా పెద్దమ్మకు పుట్టలేదు. నిన్ను తెచ్చుకున్నారు." ఏడుస్తూ ఇంటికొచ్చి అడిగితే అమ్మ తడుముకోలేదు. "అవును, తెచ్చుకున్నాం. అయితే ఏమైంది? ముందు కాళ్ళు కడుక్కో, మట్టి," అంది. ఆ మాటతో అమ్మ లెక్కన ఆ విషయం ముగిసిపోయింది. కూతురి లెక్కన అప్పుడే మొదలైంది. ఆ వారంలోనే, ఎవరూ లేనప్పుడు, కుర్చీ ఎక్కి బైబిలు కిందికి దించి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తన పుట్టినరోజు కోసం వెతికింది. మూడో నెల మూడో తారీకు. అన్నయ్య పుట్టినరోజు కనబడింది, కింద రెండు గీతలతో సహా. నాన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు కనబడింది. మూడు-మూడు ఎక్కడా లేదు. పుస్తకాన్ని మళ్ళీ అదే చోట పెట్టి కుర్చీ దిగింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. చర్చిలో పాటలు పాడుతుంది, ప్రార్థనకు తల వంచుతుంది, కానీ దేవుడు తమకు చేసిన మేలు లేచి నలుగురికీ చెప్పే సాక్ష్యం వేళకు వెనక బెంచీలోనే ఉండిపోతుంది. దేవుడు మంచివాడని ఆమెకు అనుమానం లేదు. ఆ మంచి జాబితాలో తన పేరుందా అన్నదే అనుమానం.

ఇప్పుడా జాబితానే తన చేత్తో కోసిపారేసింది.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. రెండింటికి తుక్కు బండి వస్తుంది. కోత ముక్కలన్నీ ఎప్పటికప్పుడు గోతాల్లోకి ఊడ్చేస్తారు. వెనక గదిలో నిండు గోతాలు నాలుగున్నాయి. ఏ గోతంలో ఉందో ఎవరికి తెలుసు! సూదక్క కొంగు దోపుకుని మొదటి గోతాన్ని నేల మీద బోర్లించింది.

చప్పుడుకు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది, పిచ్చి గానీ పట్టిందా? బండి వచ్చే టైము!"

"మా అమ్మ తారీకులు ఇందులో ఉన్నాయి బాబాయ్."

"తారీకులేంటి?"

చెప్పింది. చెబుతుంటే మధ్యలో ఏడుపొచ్చింది, ముక్కు చీదుకుని మళ్ళీ చెప్పింది. మేస్త్రి మొహం వాడిపోయింది. నున్నగా వచ్చిందని మెచ్చుకున్న నోరు కాస్త నొక్కుకుని, "నేనైనా చూడాల్సింది," అన్నాడు. తర్వాత ఆయన పనిమంతుడిలా ఆలోచించాడు. "ఆ పుస్తకానికి ఎర్ర అంచు కదా? నోటుపుస్తకాలకు ఉండదు. ఎర్రగా ఉన్న ముక్కలే ఏరు. కాగితం కూడా పల్చన, ఉల్లిపొరలా ఉంటుంది. బండివాణ్ణి నేను కాసేపు ఆపుతాలే."

ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. కానీ ఎంతసేపు? రెండు గోతాలు తిరగేసినా ఒక్క ఎర్ర ముక్క లేదు. మూడో దాంట్లోనూ తెల్లవే. "ప్రభువా, పొద్దున నా చెయ్యెందుకు పట్టుకు ఆపలేదు?" అని కోపంగానే అడిగింది. "నా సంగతి వదిలెయ్. ఆవిడ నిన్ను గుర్తు పెట్టుకోవడానికి ఆ అంకెలే కదా మిగిలాయి. అవి కూడా లాక్కుంటావా?" ఇలా మాట్లాడొచ్చా అని భయమేసింది. భయపడుతూనే నాలుగో గోతం బోర్లించింది.

గోతం అడుగున, దారప్పోగుల మధ్య, ఎర్రటి గుత్తి ఒకటి కనబడింది. గుత్తిలో సగమే అంటుకుని ఉంది, మిగతా సగం చెదిరిపోయింది. సూదక్క నేల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా వెలుగుకు పట్టి చూసింది. వెడల్పు బొటనవేలి గోరంత కూడా లేదు. చాలా ముక్కల మీద ఏమీ లేదు. సిరా కనబడిన ముక్కనల్లా కవరులో వేసుకుంది. బయట బండివాడు హారను కొడుతున్నాడు. మేస్త్రి వాడికి తన చిన్నప్పటి కథలన్నీ చెబుతున్నట్టున్నాడు, మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఇంతలో పక్కింటి పిన్ని ఫోను చేసింది.

"అమ్మాయ్, మీ అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. చెప్పుల గూడంతా కింద పడేసింది. పుస్తకం ఎప్పుడు తెస్తావు?"

"వచ్చేస్తున్నా పిన్నీ. కాస్త చూసుకో."

"నేను చూసుకుంటూనే ఉన్నాను, ఆవిడే నన్ను ఇంట్లోంచి పొమ్మంటోంది," అంది పిన్ని. పాపం, అదీ నిజమే.

మూడున్నరకల్లా మేస్త్రి కథలు అయిపోయాయి, బండివాడి ఓపికా అయిపోయింది. సూదక్క కవరులో నూటికి పైగా ముక్కలున్నాయి. పోయినవి ఎన్నో తెలియదు. మేస్త్రి గిన్నెడు జిగురూ, పల్చటి టిష్యూ కాగితమూ ఇచ్చి ఆ పూటకు ఇంటికి పంపించేశాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కవరు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. కత్తి అంకెల మధ్యగా పోయిన తారీకులకు చిక్కు లేదు, సగం పేజీలో సగం ముక్కలో ఉన్నాయి కాబట్టి జత కలిపి అతికించొచ్చు. పూర్తిగా ముక్కలోనే ఉండిపోయిన తారీకులతోనే చిక్కు. అవి ఏ వాక్యం పక్కవో ఎలా తెలుస్తుంది? అలాంటివి పాతిక దాకా తేలాయి. వాటిని కవరు మీద వరసగా పేర్చుకుంటుంటే ఒక సంగతి కంట్లో పడింది. పద్నాలుగు-ఆరు. ఇంకో ముక్క, పద్నాలుగు-ఆరు, మరుసటి ఏడు. మళ్ళీ పద్నాలుగు-ఆరు. ఒక్కొక్క దాంట్లో సంవత్సరం వేరు, రోజు మాత్రం అదే. తొమ్మిది ముక్కలు. ఇంట్లో ఎవరి పుట్టినరోజూ కాదది. నాన్న పోయింది చలికాలంలో.

అన్నయ్యకు ఫోను చేసింది. "జూన్ పద్నాలుగున ఏం జరిగింది అన్నయ్యా?"

"జూన్ పద్నాలుగా? ఏమో. ఎందుకు?"

జరిగింది చెప్పింది. "పోనీలేవే, కొత్తది కొనిద్దాం. పెద్దక్షరాలది దొరుకుతుంది," అన్నాడు.

"పెద్దక్షరాల్లో అమ్మ తారీకులు అచ్చేసి అమ్ముతున్నారా?" అని ఫోను పెట్టేసింది. అన్నయ్య మంచివాడే. కానీ తన తారీకు కింద రెండు గీతలున్న మనిషికి ఆ బాధ ఏం తెలుస్తుంది అనుకుంది. అనుకున్నాక సిగ్గుపడింది.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది. అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది, చుట్టూ చెప్పులు. పిన్ని కళ్ళతోనే "ఇక నీదే భారం" అని చెప్పి జారుకుంది. సూదక్క పుస్తకాన్ని అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ మొహం విప్పారింది. కొత్త అట్ట తడిమింది, వీపు తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తెరిచింది. వేలు అంచు మీదికి పోయింది. అక్కడేమీ లేదు. వేలు కిందికి దిగింది, పైకి పాకింది. ఇంకో పేజీ. ఇంకో పేజీ. చేతి వేగం పెరిగింది.

"నా తారీకులేవి? ఇది నాది కాదు. నావి ఎవరో తీసుకెళ్ళారు."

"నేనే కోసేశానమ్మా," అంది సూదక్క. మోకాళ్ళ మీద కూర్చుంది. "పని అలవాటులో కోసేశాను. తప్పైపోయింది. కొన్ని ఏరుకొచ్చాను. అన్నీ దొరకలేదు."

అమ్మకు ఎంత అర్థమైందో తెలియదు. కళ్ళలో బెదురు తగ్గలేదు. సూదక్క స్టీలు పళ్ళెం తెచ్చి, ఎక్కడివో తెలియని ఆ పాతిక ముక్కలనూ దాంట్లో పరిచి ముందు పెట్టింది. ఫాను ఆపేసింది. గదిలో ఉక్కపోసింది. అమ్మ ఒక ముక్క మీద వేలు పెట్టింది. చాలాసేపు పెట్టింది. తల అడ్డంగా ఊపింది. రెండోదాని మీద పెట్టింది. "ఇది... మీ నాన్న... కాదు, ఏమో." మూడోది. నాలుగోది. ఏమీ రాలేదు. సూదక్కకు ఒళ్ళంతా చెమట పట్టింది. పుస్తకంలో వాక్యం పక్కన ఉన్నప్పుడే ఆ అంకెలు మాట్లాడేవేమో. ఇప్పుడు ఉత్త అంకెలు. అంతా అయిపోయింది, నా చేత్తోనే అయిపోయింది అనుకుంది.

అయిదోది పద్నాలుగు-ఆరు. తొమ్మిదింటిలోనూ పాతది, సిరా గోధుమరంగుకు తిరిగింది. దాని మీద వేలు పెట్టగానే అమ్మ నవ్వింది.

"ఇదా! ఇది మా అమ్మాయి," అంది.

సూదక్క పళ్ళెం దగ్గరికి జరిగి నేల మీద కూర్చుంది.

"కూర్చోండమ్మా, నేల మీదెందుకు, కుర్చీ ఉందిగా," అంది అమ్మ, ఇంటికొచ్చిన పరాయి మనిషితో అన్నట్టే. తర్వాత చెప్పుకుపోయింది. "నాకు మధ్యలో ఒక బిడ్డ పుట్టి పోయింది. తెలుసా మీకు? నెల కూడా లేదు. అల్లిన స్వెట్టరు, టోపీ అలాగే ఉండిపోయాయి. దేవుడితో మాట్లాడటం మానేశాను. ఆరు నెలలు మాట్లాడలేదు. సర్లే, వీటిని చూస్తూ కూర్చోలేనని అనాథ పిల్లల హోముకు ఇచ్చేద్దామని వెళ్ళాను. అక్కడి ఆయా, సరిపోతాయో లేదో చూద్దాం అని ఒక పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూడు నెలల పిల్ల. టోపీ పెట్టాను. సరిగ్గా సరిపోయింది. అంతలోనే నిద్రపోయింది, దొంగపిల్ల! లేస్తుందేమోనని నేను కదల్లేదు. సాయంత్రం దాకా కదల్లేదు. కాలు తిమ్మిరెక్కిపోయింది."

"తర్వాత?" అంది సూదక్క.

"తర్వాతేముంది? బట్టలిచ్చి రావడానికి వెళ్ళాను, ఆ బట్టలే వెనక్కి తెచ్చుకున్నాను, లోపల పిల్లతో సహా." అమ్మ తన మాటకు తానే నవ్వుకుంది. "కాగితాలు రాసేవాడు అడిగాడు, ఈ పిల్ల ఎవరి తాలూకు అని. ఆయా తెలియదంది. నాకు ఒళ్ళు మండింది. తెలియకపోవడమేంటి, దేవుడి తాలూకు, ఇవ్వాళ్టి నుంచి నా తాలూకు, రాసుకో అన్నాను. ఆ రాత్రే దేవుడితో మళ్ళీ మాట్లాడాను. ముందు పోట్లాడాను, తర్వాత థాంక్స్ చెప్పాను."

సూదక్క పళ్ళెంలోంచి మిగతా ఎనిమిదీ ఏరి అమ్మ ముందు వరసగా పెట్టింది. "మరి ఇవన్నీ?"

అమ్మ ఒక్కొక్కటీ తాకింది. "అవీ అమ్మాయే. మిగతా మేళ్ళకు ఒక్కసారే తారీకు వేశాను. దానికి మాత్రం ప్రతి ఏడూ వేస్తాను. ఏ యేడు ఏ వాక్యం దగ్గరుంటే అక్కడ. అది ప్రతి ఏడూ మళ్ళీ వచ్చినట్టే ఉంటుంది నాకు."

సూదక్క ఏడ్చింది. ఆపుకోవాలని కూడా చూడలేదు. కుర్చీ ఎక్కి బైబిలు దించిన ఆ పదేళ్ళ పిల్ల వేలి కింద నుంచి పద్నాలుగు-ఆరు అప్పటికే ఎన్నిసార్లు దాటిపోయి ఉంటుందో! కళ్ళు మూడు-మూడు కోసం వెతుకుతుంటే అవెలా కనబడతాయి? మూడు-మూడు అమ్మ తర్వాత కాగితాల్లో చూసి తెలుసుకున్న రోజు. అమ్మ ఒళ్ళోకి తాను వచ్చిన రోజు ఇదే. దేవుడు చేసిన మేళ్ళలో తాను లేదని ముప్పై ఏళ్ళు వెనక బెంచీలో కూర్చుంది. ఉంది. ఏటేటా ఉంది. కత్తి పడకపోతే ఈ తొమ్మిదీ ఒకచోట చేరేవా, తాను చూసేదా? పొద్దున చెయ్యెందుకు ఆపలేదని అడిగింది కదా. ఇప్పుడు మళ్ళీ అడగాలనిపించలేదు.

"ఈ మొదటిది ఎక్కడ రాశారమ్మా? ఏ వాక్యం దగ్గర?"

అమ్మ కళ్ళు మూసుకుంది. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు. ఆ చప్పుడుకు అమ్మ కళ్ళు తెరిచి ఎటో చూసింది, అంతా జారిపోయినట్టే కనబడింది. తర్వాత మెల్లగా అంది: "తల్లి మరిచిపోయినా తాను మరిచిపోనని దేవుడు అంటాడే, ప్రవక్త పుస్తకంలో. అక్కడ."

సూదక్క ఆ చోటు తీసింది. అక్కడ అంచు తెల్లగా, నున్నగా, మేస్త్రి మెచ్చుకున్నట్టే ఉంది. ముక్కను దాని పక్కన ఆనించింది. పాత పేజీ మీద నీళ్ళ చుక్క మరక ఒకటి అంచు దాకా వచ్చి తెగిపోయింది, ఆ మరక మిగతా సగం ముక్క మీద ఉంది. రెండూ కలిశాయి.

అమ్మ ఆమె చేతుల్నే గమనిస్తోంది. "మంచి చెయ్యి మీది. మా అమ్మాయి కూడా ఇదే పని చేస్తుంది. అది కుట్టిందంటే ఊడదు." కాసేపాగి, ఏదో గుర్తు తెచ్చుకోబోయి వదిలేసినట్టు, మర్యాదగా అడిగింది. "మీరు ఎవరి తాలూకు అమ్మా?"

"మీ తాలూకే అమ్మా," అంది సూదక్క.

"అలాగా!" అమ్మకు సంతోషమైంది. "అయితే అప్పుడే వెళ్ళిపోకండి. మా అమ్మాయి పని నుంచి వచ్చే వేళైంది. చూసి వెళ్దురుగాని."

"అలాగేనమ్మా, ఉంటాను," అంది సూదక్క. జిగురు గిన్నె దగ్గరికి లాక్కుని, మొదటి ముక్క అతికించింది.